మెరీనా కెరటాల దాకా బ్యాటరీ చైర్‌లో

చెన్నై టికెట్ కొనేముందే నా వీల్‌చైర్ బ్యాటరీ మీదున్న స్టిక్కర్‌ని ఫొటో తీసి పెట్టుకున్నాను. 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. రెండూ గుణిస్తే 240 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత. మడత పెట్టే చైర్‌లో ఊడదీయగలిగే లిథియం బ్యాటరీ ఒకటే ఉంటే 300 వాట్ అవర్ల దాకా విమానంలోకి రానిస్తారు. రెండు బ్యాటరీలతో నడిచే చైర్ అయితే ఒక్కోటి 160 దాటకూడదు. బ్యాటరీని ఊడదీసి మనతోపాటు క్యాబిన్‌లోకే తీసుకెళ్లాలి, లగేజీలో వేయకూడదు. పవర్ బ్యాంకుకు పెట్టిన హద్దు ఇంతకంటే చాలా తక్కువ. ఆ అంకె చూసి వీల్‌చైర్‌కీ అదే లెక్క అనుకుని ప్రయాణం మానుకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ఈ లెక్కలన్నీ ముందే రాస్తున్నాను. 48 గంటల ముందుగా విమాన సంస్థకు చెప్పి, ఒప్పుకున్నట్టు మెయిల్ తెప్పించుకుని, దాన్ని ప్రింటు తీయించుకోండి.

నాకు పసితనంలోనే పోలియో వచ్చింది. ఉద్యోగం, పిల్లల చదువులు అన్నీ కాళ్లకు కట్టే కాలిపర్లు, చంకకర్రల మీదే గడిచాయి. ఇప్పుడు భుజాలు అరిగిపోయాయి, చేత్తో చక్రాలు తిప్పుకునే ఓపిక లేదు. ఈ అల్యూమినియం చైర్ బ్యాటరీతో కలిపి 26 కిలోలు. మడిస్తే కారు డిక్కీలో పడుతుంది. వీధిలోకి కూరగాయల బండి వస్తే నేనే వెళ్లి వంకాయలు ఏరుకుంటున్నాను. ఒకరిని పిలిచి, వాళ్లకు తీరిక దొరికేదాకా ఎదురుచూసే పని తప్పింది.

భద్రతా తనిఖీలో అనుకున్న ప్రశ్నే వచ్చింది. "మేడమ్, ఇంత పెద్ద పవర్ బ్యాంకా?" కాగితం చూపించాను. పై అధికారి వచ్చి చదివి, బ్యాటరీ కొసలకు వేసిన టేపు చూసి పంపించారు. ఎయిర్‌పోర్టు వీల్‌చైర్‌లోకి మారమని కౌంటర్ దగ్గర అడిగారు. నా చైర్‌లోనే విమానం గుమ్మం దాకా వస్తానన్నాను. ఇది పంతం కాదు. వాళ్ల చైర్‌లో కూర్చుంటే, తోసే మనిషి ఎక్కడ వదిలితే అక్కడే ఉండాలి, మంచినీళ్లకైనా, బాత్రూమ్‌కైనా.

గుమ్మం దగ్గర చైర్‌ని నడిపే జాయ్‌స్టిక్ ఊడదీసి తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. చైర్‌లో మొదట విరిగేది అదే. సీటుకు పెద్ద అక్షరాల కాగితం అంటించాను: మోటారు లివర్లు ఇటు తిప్పితే చైర్ తోసుకుపోవచ్చు, చైర్ చేతులు పట్టి ఎత్తవద్దు. జాయ్‌స్టిక్ వదిలేస్తే బ్రేకు దానంతటదే పడే బండి ఇది. ఆ సంగతి తెలియనివాళ్లు లాగీ లాగీ చివరికి చేతులు పట్టుకుని ఎత్తేస్తారు. అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటోలు కూడా తీశాను. చెన్నైలో అందరూ దిగాక, సీట్ల మధ్య దారిలో పట్టే సన్న కుర్చీలో నన్ను గుమ్మం దాకా తెచ్చారు. నా చైర్ అక్కడే ఉంది. బ్యాటరీ తగిలించి మీట నొక్కగానే లైట్లు వెలిగాయి. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాను.

ఎయిర్‌పోర్టు నుంచే మెట్రో ఉంది. అక్క ఎదురొచ్చింది. రైలుకీ ప్లాట్‌ఫామ్‌కీ మధ్య సందులో చిన్న చక్రాలు ఇరుక్కోకుండా తిన్నగా ఎదురుగా ఎక్కాలి. గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో లిఫ్టెక్కి పైకొచ్చి, వాలాజా రోడ్డు పట్టుకుని సముద్రం వైపు బయల్దేరాం. ఒకచోట ఫుట్‌పాత్ మీదికి బైకులు ఎక్కకుండా ఇనుప స్తంభాలు పాతారు. బైకులతోపాటు నేనూ ఆగిపోయాను. బస్సుల పక్కనే రోడ్డు మీద కొంత దూరం వెళ్లాల్సి వచ్చింది. నాకు భయం, అక్కకు అంతకంటే భయం. వికలాంగులకు దారి కల్పించడం ఇష్టముంటే పాటించే సలహా కాకూడదని, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కోర్టు అడిగితే దేశంలో పరిస్థితి మీద నివేదిక రాసి ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రం. ఆ ఇనుప స్తంభాల మధ్య ఆగిపోయినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తీర్పే.

బీచ్ వెంట పోయే కామరాజర్ సాలై అనే రోడ్డు పక్క వెడల్పాటి బాట మీదికి చేరాక చైర్‌ని పూర్తి వేగంలో పెట్టాను, గంటకు 6 కిలోమీటర్లు. "మెల్లిగా పోవే, నాకు ఆయాసం వస్తోంది!" అని అక్క వెనక నుంచి అరిచింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని బడికి మోసిన మనిషి తను. ఆ కేక విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వివేకానంద ఇల్లం అనే పాత భవనం ఎదురుగా మెరీనా ఇసుక మీద చెక్కదారి మొదలవుతుంది. 263 మీటర్లు, ఇద్దరు చైర్లలో ఎదురుపడినా తప్పుకునేంత వెడల్పు. అంతకుముందు డిసెంబరులో వికలాంగుల దినం చుట్టూ కొద్దిరోజులు తాత్కాలికంగా దారి వేసి తీసేసేవారు. 2022 నవంబరు 27న ఈ శాశ్వత దారి తెరిచారు. పక్షం రోజులైనా తిరగకుండానే మాండస్ తుపాను కొంత భాగాన్ని విరిచేసింది. తర్వాత బాగుచేశారు. ఇసుకలో నా చైర్ నాలుగడుగులు వేయలేదు, ముందు చక్రాలు కూరుకుపోతాయి. అందుకే ఇన్నేళ్లూ సముద్రమంటే నాకు రోడ్డు మీంచి కనిపించే నీలం గీత. ఇప్పుడు చెక్కల మీద టకటకమంటూ వెళ్లి చివర ఆగాను. ఎదురుగా కెరటాలు, ముఖం మీద ఉప్పు తుంపర. జాయ్‌స్టిక్ మీద ప్లాస్టిక్ కవర్ వేసి, చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. వేడి సుండల్, అంటే మన గుగ్గిళ్లు, పొట్లం తిన్నాం. అక్క రెండుసార్లు లేద్దామంది, నేను కదల్లేదు.

మరునాడు నగరంలో 2024 నుంచి తిరుగుతున్న లో-ఫ్లోర్ బస్సు ఒకటి ఎక్కాను. బస్సు ఒకవైపు కిందికి వంగింది, తలుపు దగ్గర మడిచిన పలక తెరిచారు. ఎవరూ నన్ను ఎత్తలేదు.

ఈసారి విజయవాడలో పెద్దమ్మను చూడాలి. 2023 సెప్టెంబరులో మొదలైన చెన్నై-విజయవాడ వందేభారత్‌లో, డ్రైవర్ ఉండే కొస పెట్టెల్లో వీల్‌చైర్‌కు చోటు, తిరగడానికి వీలైన టాయిలెట్ ఉన్నాయి. ఆ చోటు ముందుగా ఎలా దక్కించుకోవాలో స్టేషన్‌లో అడిగి రమ్మని అక్కకు చెప్పాను.