ఇది నీ దగ్గర ఉందా?

తెలియని పాటలో నా వయొలిన్ కలిపినందుకు ఆ పెద్దాయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సులువయ్యేది. పాట అయ్యాక గ్లాసు బల్ల మీద పెట్టి, నా వైపు వంగి, "ఇది నీ దగ్గర ఉందా?" అని అడిగాడు. అర్థం కాక నవ్వాను. "లేకపోతే విను. వచ్చాక వాయిద్దువుగాని" అని మళ్లీ ఫిడేలు ఎత్తుకున్నాడు. చుట్టూ ఉన్న ఏడెనిమిదిమందీ విననట్టే ఎవరి వాయిద్యం వంక వాళ్లు చూసుకున్నారు. ఆ మర్యాదే ఎక్కువ గుచ్చుకుంది.

ఐర్లండ్‌లోని ఈ డబ్లిన్‌లో చాలా పబ్బుల్లో వారానికోసారి ఇలా సెషన్ ఉంటుంది. ఓ మూల బల్ల చుట్టూ ఫిడేళ్లు, ఫ్లూటు, రెండు చేతులతో సాగదీసి వాయించే చిన్న తిత్తిపెట్టె కాన్సర్టీనా, చంకలో తిత్తి పెట్టుకుని మోచేత్తో గాలి కొట్టే ఇలన్ పైపులు. వేదిక లేదు, మైకు లేదు. అందరూ ఒకే వరస వాయిస్తారు. దాన్ని రెండు మూడుసార్లు తిప్పి, ఆగకుండా ఇంకోదాంట్లోకి వెళ్లిపోతారు. అమ్మకి ఫోన్లో పబ్బు అని చెప్పలేక క్లబ్బు అన్నాను. అది ఇంకా ఘోరంగా వినబడిందని తర్వాత చెల్లెలు చెప్పింది.

మా ఆవిడ ఇక్కడ నర్సు. ఆవిడ ఉద్యోగం పుణ్యమా అని నేనూ వచ్చాను. పగలు గోడౌన్‌లో పెట్టెలు స్కాన్ చేస్తాను, ఆదివారాలు మనవాళ్ల పిల్లలకి సరళీ స్వరాలు చెబుతాను. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా చేసిన విజయనగరం కళాశాలలో చదివి, ఇరవై ఏళ్లు కచేరీల్లో పక్కవాద్యం వాయించినవాణ్ని. పాడేవాళ్లు లేని ఊళ్లో పక్కవాద్యగాడికి పక్కే లేదు. ఇంట్లో ఒక్కణ్నే కూచుని రాగం తీస్తే, కాసేపటికి అలవాటుగా ఎవరికోసమో ఆగుతాను. ఎవరూ అందుకోరు.

సరే, పాఠం లేకుండా, అంటే ఆ పాట నేర్చుకోకుండానే వాయించాను, ఒప్పుకుంటాను. కాని మా పనే అది కదా! మన గాయకులు పాఠం ఉందా అని అడిగేది వేదికెక్కి మైకులు సర్దుకుంటున్నప్పుడు. లేదంటే "పర్లేదు, అందుకోండి" అంటారు. అందుకుంటాం. పల్లవి మొదటిసారి అర అక్షరం వెనక నడుస్తాం, అదే వరసని కొత్త మలుపుతో పాడే రెండో సంగతికి పక్కకి చేరతాం, మూడోది ఎటు వెళుతుందో ముందే పట్టేస్తాం. ఎన్నడూ వినని కృతిని చిన్నప్పటి నుంచీ ఉన్నట్టు వాయించడమే మా విద్య. "నీడలా వాయించావయ్యా" అంటే అంతకు మించిన మెప్పు లేదు. ఆ నీడకి ఇక్కడ నూడ్లింగ్ అని పేరట. తెలియని పాట చుట్టూ వేళ్లు గెలకడం అన్నమాట. అందరూ ఒకే వరసలో పోతుంటే నా అర అక్షరం ఆలస్యం వాళ్ల కాళ్లకి అడ్డం పడినట్టుంది.

వారమంతా గోడౌన్‌లో ఆ పెద్దాయనతో మనసులోనే పోట్లాడాను. ఏముంది మీ దగ్గర? ఆలాపన లేదు, స్వరకల్పన లేదు, నా వంతు అంటూ ఒక్క నిమిషం లేదు. మాకు గాయకుడు రాగం పాడాక మాదీ ఓ చుట్టు ఉంటుంది, జనం చప్పట్లు కొడతారు. ఇలా దెప్పుతూ ఉండగానే గుర్తొచ్చింది: కరపత్రంలో పేరు చిన్నక్షరాల్లో వేశారని, గాయకుడికిచ్చిన దాంట్లో పావు వంతు కూడా ఇవ్వలేదని, ఇదేం నీడ బతుకని అక్కడ విసుక్కున్నది కూడా నేనే.

పైగా ఆయన అడిగిన తీరు. వచ్చా అనలేదు, తెలుసా అనలేదు, నీ దగ్గర ఉందా అన్నాడు. మా మేష్టారు కూడా అంతే: "ఆ కృతి నా దగ్గర లేదురా, పాఠం అవలేదు" అనేవారు, పేటికలో వస్తువు గురించి చెబుతున్నట్టు.

ఆ తర్వాత నాలుగు నెలలు వయొలిన్ ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. ఫోన్లో రికార్డు చేసుకుని, ఇంటికొచ్చి సరిగమల్లో రాసుకునేవాణ్ని. రాయడం తేలికే. చాలా పాటలు శంకరాభరణం మెట్లే, కొన్ని హరికాంభోజి, కొన్ని ఖరహరప్రియ. చిక్కంతా చేతులతో. మనం సపసప అని శ్రుతి చేసుకునే తీగలు వాళ్లకి వరసగా పంచమం ఎడంలో ఉంటాయి. అలవాటైన చోటే వేలు పడుతుంది, స్వరం ఇంకోటి పలుకుతుంది. నేల మీద కూచుని కుడి చీలమండకి ఆనించుకుంటే ఎడమ చెయ్యి తీగ పొడుగునా హాయిగా జారుతుంది. ఇక్కడ కుర్చీలో కూచుని భుజానికి ఆనిస్తే ఆ చెయ్యే వాయిద్యాన్ని మోయాలి. అన్నిటికీ మించి గాంధారం. ఖరహరప్రియ మెట్లలో అది రాగానే నా వేలు దానంతటదే ఊగుతుంది. నిలబెడితే నా చెవికి పచ్చిగా ఉంటుంది, ఊపితే ఆ బల్ల దగ్గర శ్రుతి తప్పినట్టుంటుంది. ఇప్పటికీ తేలలేదు.

పెద్దాయనే ఓసారి మైకేల్ కోల్మన్ సంగతి చెప్పాడు. స్లైగో కౌంటీ నుంచి 1914లో అమెరికా వెళ్లిన ఫిడేలు విద్వాంసుడు. 1920లలో న్యూయార్క్‌లో ఆయనిచ్చిన రికార్డులు ఇక్కడికొచ్చి, ఊళ్లో ఉన్నవాళ్ల వాయింపునే మార్చేశాయట. విని సంతోషించాలో కుళ్లుకోవాలో తెలియలేదు.

కిందటి వారం ఆయన నా వైపు తిరిగి, "నీ దగ్గరున్నదేదైనా మొదలెట్టు" అన్నాడు. ఇరవై ఏళ్ల కృతుల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. వేళ్లు మాత్రం ఆదివారం పాఠంలోకి దూరాయి: "వందే మీనాక్షి", నొట్టుస్వరం. పిల్లలకి చెప్పే నడకలో ఎత్తుకున్నాను. రెండో వరసకల్లా బల్లంతా అందుకుంది, రెండో చుట్టుకి పరుగు తీసింది. వెనకబడి పరిగెత్తినవాణ్ని నేనే.

ముత్తుస్వామి దీక్షితులవారు తెల్లవాళ్ల బ్యాండు వరసలకి సంస్కృతంలో సాహిత్యం కట్టారని పిల్లలకి చెబుతూనే ఉంటాను. వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులే వయొలిన్‌ని మన కచేరీకి తెచ్చారని కూడా చెబుతాను. ఈ వరస "రేక్స్ ఆఫ్ మాలో" అని, మాలో అంటే ఇక్కడి కార్క్ కౌంటీలో ఓ ఊరని ఎన్నడూ పట్టించుకోలేదు. ఇంగ్లీషు నోటు అనే చెప్పేవాణ్ని. ఆ మాట ఆ బల్ల దగ్గర నోరు జారలేదు, అదృష్టం.

"దీన్ని మేం చిన్నపిల్లలకి రేకు పిల్లనగ్రోవి మీద నేర్పుతాం" అన్నాడు పెద్దాయన నవ్వుతూ. మేమూ పిల్లలకే అన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ నైట్ డ్యూటీకి తయారవుతోంది.

"ఏం వాయించారివాళ?"

"వందే మీనాక్షి."

"మొదటి ఏడాది పిల్లల పాఠమా?"

"ఆ, మూడుసార్లు."