స్వామిని చూసొచ్చిన మొహాలు

అహోబిలంలో నరసింహస్వామి గర్భగుడి ముందు ఫొటోలు తీయనివ్వరు. తీయాలని నాకూ ఉండదు. స్వామిని కళ్లారా చూసుకుని బయటికొచ్చి, గడప దాటి ఎండలోకి అడుగుపెట్టే మనుషుల కోసమే నేను కెమెరా మోసుకెళతాను. ఆ మొహాల్లో ఉన్నంత వెలుగు నాకు ఏ స్టూడియోలోనూ కనిపించలేదు.

ఆళ్లగడ్డ దాటి నల్లమల మొదలయ్యేచోట దిగువ అహోబిలం, అక్కణ్ణుంచి ఘాటు రోడ్డులో ఎనిమిది కిలోమీటర్లు పైకెళితే ఎగువ అహోబిలం. ఎగువ గుడి మెట్ల దగ్గర మెడలో కెమెరాతో నిలబడితే చాలు, పని వెతుక్కుంటూ వస్తుంది. "నాయనా, మా అందరికీ కలిపి ఒకటి తీయి" అంటూ ఓ కుటుంబం వరసగా నిలబడింది. అంతవరకూ గలగలా మాట్లాడుకుంటున్నవాళ్లు కెమెరా ఎత్తగానే పోలీసు పరేడ్‌లో ఉన్నట్టు బిగుసుకుపోయారు. ఇంటి పెద్దాయన ఊపిరి బిగబట్టాడు. "ఉండుండు నాయనా" అని అవ్వ కొంగు సర్దుకుని, బొట్టు సరిగ్గా ఉందో లేదో కోడల్ని అడిగింది. ఈలోగా మనవడు కోతి వెనక పరిగెత్తాడు. వాణ్ణి పట్టుకొచ్చేసరికి అల్లుడికి ఫోనొచ్చింది. అల్లుడు తిరిగొచ్చేసరికి కోతి అవ్వ చేతిలోని కొబ్బరి చిప్ప లాక్కుపోయింది.

చివరికి అందరూ కుదురుకున్నాక నొక్కాను. "అయిపోయిందా?" అని పెద్దాయన ఊపిరి వదిలాడు. కోతి సంగతి గుర్తొచ్చి అవ్వ ఫక్కున నవ్వింది, ఆమెను చూసి అందరూ నవ్వారు. నేను కెమెరా కంటి మీదనుంచి దించలేదు. అప్పుడు నొక్కిందే అసలు ఫొటో. పోజు పెట్టిన ఫొటోలో వాళ్ల బట్టలు బాగా పడతాయి, పోజు వదిలేసిన ఫొటోలో వాళ్లు పడతారు. అందుకే ఎవరు అడిగినా రెండూ తీస్తాను, రెండూ పంపిస్తాను.

ఇక్కడి తొమ్మిది నరసింహ క్షేత్రాల్లో ఒకటైన జ్వాలా నరసింహుడి దగ్గరికి భవనాశిని ఏటి ఒడ్డున రాళ్లూ మెట్లూ ఎక్కాలి. చేతిలో కర్ర ఉంటే మోకాళ్లకు ఆసరా. ఎక్కలేనివాళ్లకు డోలీలున్నాయి. భారీ మనిషి ఒకాయన డోలీ చుట్టూ రెండుసార్లు తిరిగి, "నా బరువు మోయగలరా?" అని మొహమాటంగా అడిగాడు. మోసేవాళ్లలో ఒకతను, "సామి కాడికి పోయేటోళ్లు బరువుండరు పెద్దాయనా, ఎక్కు" అన్నాడు. ఎక్కాడు. కానీ మెట్లు నిట్టనిలువుగా మారిన ప్రతిచోటా ఆయన మనసు ఒప్పుకోలేదు. "ఆపండి నాయనా" అని దిగి, కర్ర పోటేసుకుంటూ తనే నడిచేవాడు. వెనకనుంచి ఖాళీ డోలీ మోసుకుంటూ వాళ్లు, "ఎక్కు సామీ, ఎక్కు!" అని బతిమాలడం. కాస్త చదునైన చోటు రాగానే మళ్లీ ఎక్కేవాడు. ముందు చెమటలు కక్కుతూ ఆయన, వెనక ఖాళీ డోలీ, దాని కింద దిగులుగా నలుగురు. ఈ యాత్రలో తీసినవాటిలో నాకు బాగా ఇష్టమైన ఫొటో ఇదే. ఎవరి మీద ఎవరికి ఎంత దయ ఉందో అందులో కనిపిస్తుంది.

హిరణ్యకశిపుణ్ణి స్వామి చీల్చింది జ్వాల గుహ ఉన్న ఈ చోటేనంటారు. లోపల ఎనిమిది చేతుల ఉగ్రమూర్తి. బయట మాత్రం కొండ అంచు నుంచి జారే నీళ్లు దారి మీదే పడుతుంటాయి, కిందనుంచి వెళ్లే ప్రతివాళ్లూ తడవాల్సిందే. అరవై ఏళ్ల మనుషులు కూడా ఆ ధార కిందికి రాగానే కేకలేస్తారు. ఎండకు ఎదురుగా నిలబడి షట్టర్ స్పీడు 1/1000కి పెంచితే ఒక్కో చుక్కా గాజుపూసలా ఆగిపోతుంది, ఆ చుక్కల మధ్య వాళ్ల నవ్వులు. గుహ దగ్గర ఒక తండ్రి కథంతా చెప్పాక కొడుకు అడిగాడు: "ప్రహ్లాదుడికి సింహమంటే భయం వేయలేదా నాన్నా?" తండ్రి ఆలోచించి, "వాళ్ల నాన్నంటేనే భయపడలేదు కదరా" అన్నాడు. వాడు తండ్రిని ఎగాదిగా చూశాడు.

మాలోల, క్రోడ, కారంజ, భార్గవ క్షేత్రాలు వరసగా చూసుకున్నాం. పావన నరసింహుడికి అడవిలో జీపు దారి. ఆ కుదుపుల్లో కెమెరా సంచిలోంచి తీసే ప్రశ్నే లేదు. ఎక్కేటప్పుడు ఎవరికెవరో, దిగేటప్పటికి వదినా మరదళ్లు.

దిగువన ఉన్న ఛత్రవట నరసింహస్వామి దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. హాహా, హూహూ అనే గంధర్వుల పాట విని స్వామి మురిసిపోయాడని కథ. ఇక్కడ ఆయన మొహాన నవ్వుంటుంది, ఎడమచెయ్యి తొడ మీద తాళం వేస్తున్నట్టుంటుంది. గుడి బయట చెట్టు నీడలో కొందరు ఆడవాళ్లు భజన మొదలుపెట్టారు. ఒకామె చప్పట్లు మిగతావాళ్లతో కలవడం లేదు. పక్కామె మోచేత్తో పొడిచి, "సామే తాళమేస్తా ఉంటే నువ్వు తప్పుతావేందే!" అంది. "ఆయన నా పాటకే ఏస్తాండాడు, మీరే సరిచేసుకోండి" అని ఈమె. భజన ఆగిపోయింది, నవ్వు ఆగలేదు. ఆ ధైర్యం నాకు ఎంత నచ్చిందో! దేవుడితో అంత చనువున్నవాళ్లను ఫొటో తీయడం కూడా ఒక దర్శనమే.

ఆ చనువుకు మూలం ఈ మట్టిలోనే ఉందనిపిస్తుంది. చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి నరసింహస్వామి చెంచులకు అల్లుడు. సంక్రాంతి మర్నాడు కనుమ నాడు పార్వేట అనే స్వామి ఊరేగింపు ఉత్సవం మొదలవుతుంది. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని నెలకు పైగా పల్లకిలో చుట్టుపక్కల ఊళ్లన్నీ స్వయంగా తిరిగి పిలుస్తాడు. తన పెళ్లి పిలుపులకు తనే బయల్దేరే పెళ్లికొడుకు! ఊరూరా జనం ఆయన్ను చుట్టంలాగే దింపుకుంటారు.

వచ్చే కనుమకు వెళ్లాలి. బయల్దేరే రోజు చెంచులు పల్లకి మీదికి బాణాలు వేసే ఆచారం ఉంది. బాణం వదిలేవాళ్ల చూపు, పల్లకి బోయీల మొహాలు ఒకే ఫ్రేములో పడాలంటే పక్కనుంచి తీయాలి. జనం తొక్కిడి మొదలవకముందే కాలు నిలిచే గట్టు ఒకటి చూసిపెట్టుకోవాలి.