రన్‌వే పొడవు లెక్క

రన్‌వే పొడవు లెక్క ఈమధ్య చేత్తో వేసి చూశాను. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే రాని మజా ఇందులో ఉంది.

సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల ఉష్ణోగ్రతలో, చదునైన నేల మీద ఒక విమానానికి 2,000 మీటర్లు చాలనుకుందాం. అదే విమానం 600 మీటర్ల ఎత్తున్న చోట ఎగరాలంటే, ప్రతి 300 మీటర్లకూ 7 శాతం కలపాలి. 2,280 అయింది. తర్వాత ఎండ వంతు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత, అంటే పోల్చడానికి లెక్కల్లో తీసుకునే ఉష్ణోగ్రత, 11 డిగ్రీలు. ఎండలు బాగా ముదిరిన నెలలో పగటి గరిష్ఠాల సగటు 28 అనుకుంటే తేడా 17, డిగ్రీకి 1 శాతం. 2,668!

విమానం అదే, బరువూ అదే. గాలి పలచబడేసరికి రెక్కలకు పట్టు దొరకదు, ఇంజన్‌కు ఊపిరి చాలదు. బొలీవియాలోని ఎల్ ఆల్టోలో రన్‌వే 4 కిలోమీటర్లు ఉందంటే ఊరికే కాదు మరి, అది 4,000 మీటర్లకు పైన ఉంది.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం వాలు. 100 మీటర్లకు అర మీటరు, కంటికి ఆనదు కూడా. అయినా ఇంకో 5 శాతం, అంటే 133 మీటర్లు అడిగింది.

ఎత్తు, ఎండ సవరణలు కలిసి 35 శాతం దాటితే ఈ పద్ధతి సరిపోదు, విడిగా అధ్యయనం చేయాలి. నాది 33 దగ్గర ఆగింది, బతికిపోయాను.