మైకుల నౌకరీ

మా నేతగాళ్ల ఊరు పుట్టపాకలో నా ఉద్యోగం గురించి చెప్పాలంటే ఇప్పటికీ టెన్షనే. అమెరికా అంటే సాఫ్ట్‌వేరే అనుకుంటారు. షికాగోలో ఒక ఆర్ట్ కాలేజీ ఆడిటోరియం చూసుకుంటానని, మాట్లాడేవాళ్లకు మైకు పెట్టి, ప్రొజెక్టర్ కలిపి, రికార్డింగ్ చేస్తానని చెబితే మా మామ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "మన టెంట్ హౌసోళ్లు చేసేది గిదే గదరా. గింతదానికి గంత దూరం పోవాల్నా?"

పోయినందుకు కొన్ని మంచి మాటలైతే చెవిన పడుతున్నాయి. ఇక్కడి ఆర్ట్ కాలేజీలు బయటి కళాకారులను పిలిచి జనం ముందు మాట్లాడిస్తాయి. ఇదే ఊళ్లో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వారి స్కూల్ 1951లోనే ఒక దాత ఇచ్చిన నిధితో దీన్ని పక్కా కార్యక్రమం చేసింది. మా దగ్గర టికెట్ లేదు. చలికాలంలో వెచ్చగా ఉంటుందని వచ్చి కూర్చునేవాళ్లూ ఉంటారు, ఎవరూ లేపరు.

ముప్పావుగంట బొమ్మలు చూపిస్తూ మాట్లాడతారు. తర్వాత ఒక టీచర్ ఎదురుగా కూర్చుని కదిలిస్తారు, ఆపైన జనం ప్రశ్నలు. నాకు పరుగులు అప్పుడే. మైకు దొరికితే వదలనివాళ్లు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరే కాదు, ఇక్కడా ఉన్నారు. అయినా అడిగేవాళ్లు అసలు సంగతులే అడుగుతారు. ఇది చేయడానికి ఎన్నాళ్లు పట్టింది, అన్నాళ్లూ ఇంటి అద్దె ఎలా కట్టారు, చెడిపోయిన దాన్ని ఏం చేశారు?

మన దగ్గర చేతిపనివాళ్లను వేదిక ఎక్కించరని కాదు. ఎక్కిస్తారు, శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు. మైకు మాత్రం నాయకుడి చేతికి పోతుంది. మా ఊరి నేతగాళ్లకు పద్మశ్రీలు రెండొచ్చాయి, 2011లో గజం గోవర్ధన గారికి, 2013లో గజం అంజయ్య గారికి. అలాంటి ఊరివాణ్ని, సన్మానాలు చాలానే చూశాను. "అయ్యా, రుమాలు డిజైను లెక్క ఎక్కడ మొదలుపెడతారు?" అని సభలో అడిగినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.

ఆ మధ్య ఒక నేత కళాకారిణి వచ్చారు. గోళ్ల చివర్లలో నీలిమందు ఇంకా పోలేదు. సౌండ్ చెక్ చేస్తుంటే తెర మీద ఒక పాత తేలియా రుమాలు పడింది, నూలుకు నూనె పట్టించి నేసే బట్ట. ఎరుపు కాస్తా నారింజలా కనిపిస్తోంది. ఆమె నోరు తెరవకముందే నేను ప్రొజెక్టర్ రంగులు సరిచేయడం మొదలుపెట్టాను. ఆ ఎరుపు నాకు తెలుసు. నూలును రోజుల తరబడి నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో తడిపి, పిసికి, ఎండబెడితేనే రంగు గట్టిగా పడుతుంది. ఆ నూనె వాసన బట్టను పట్టుకునే ఉంటుంది.

ప్రసంగంలో ఆమె ఆనీ ఆల్బర్స్ అనే పాతతరం నేత కళాకారిణి గురించి చాలాసేపు చెప్పారు. జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో గాజు పని నేర్చుకోవాలనుకున్న ఆల్బర్స్‌ను మగ్గం వైపు పంపడం, 1949లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఆమె నేతకు ప్రత్యేక ప్రదర్శన పెట్టడం, అన్నీ. రుమాలు మాత్రం అర నిమిషంలో దాటిపోయింది. కింద "దక్షిణ భారతం" అని మాత్రమే ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. మైకు అందించేవాడు అడగకూడదు కాబట్టి నేనూ అడగలేదు.

హాలు ఖాళీ అయ్యాక ఆమె కాలర్ మైకు తీస్తూ, నేతకు ముందు చేసే ఆసు పని గురించి ఎత్తాను. ఆమె అక్కడే వేదిక అంచున కూర్చుంది. అరచక్రంలా ఉన్న మేకుల చుట్టూ నూలు పోయాలని, ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూఇటూ ఆడాలని చెప్పాను. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారని, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చిందని కూడా చెప్పాను. "యంత్రం వచ్చాక ఇంకా చేనేతేనా?" అని అడిగింది. ఆసు ఒక్కటే యంత్రం, మగ్గం ఇంకా చేతుల మీదే అన్నాను. సెక్యూరిటీ అతను వచ్చి లైట్లు ఆర్పేదాకా మాట్లాడుకున్నాం.

వచ్చే ఏడాది పుట్టపాక నుంచి ఒకరిని వీడియోలో మాట్లాడిద్దామని మా ఆఫీసులో కాగితం పెట్టాను. ఇక్కడ సాయంత్రం ఆరంటే అక్కడ తెల్లవారుజామున నాలుగున్నరో ఐదున్నరో. పెద్దమ్మకు ఫోన్ చేసి అడిగాను.

"లేస్త గని బిడ్డా, ఆసు వోస్తుంటె రెండు చేతులూ పన్లనే ఉంటయి. ఫోను ఎవరు వట్టుకుంటరు?"