మిసిసిపీకి ఇవతల, అవతల

డల్లాస్ నుంచి ఓర్లాండోకు కారులోనే వెళ్దామని అన్నది నాన్న. "విమానంలో అయితే మబ్బులు తప్ప ఏముంటాయమ్మాయ్, నేల చూడాలని ఉంది నాకు" అన్నారు. నవంబరులో అమ్మతో కలిసి నూజివీడు నుంచి వచ్చిన దగ్గర్నుంచి మా ఇల్లు, గుడి, ఇండియన్ స్టోర్ తప్ప ఆయన పెద్దగా చూసింది లేదు. ఏప్రిల్లో తిరుగు ప్రయాణం. మార్చిలో మా అబ్బాయికి స్ప్రింగ్ బ్రేక్ రాగానే పులిహోర, పెరుగన్నం, ఒక డబ్బా సున్నుండలు, ఒక రైస్ కుక్కర్ సర్దుకుని తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. మా ఆయన, నేను వంతులవారీగా నడపాలనుకున్నాం. దాదాపు 1100 మైళ్ళు.

మావాడికి తొమ్మిదేళ్ళు. వాడికి స్పైడర్‌మాన్ అంటే ప్రాణం. దుప్పటి మీద స్పైడర్‌మాన్, నీళ్ళ సీసా మీద స్పైడర్‌మాన్. ష్రీవ్‌పోర్ట్ దాటి దక్షిణానికి తిరిగేసరికి వాడి ప్లాన్ మొత్తం తాతయ్యకు చెప్పేశాడు. "మార్వెల్‌ని డిస్నీ కొనేసింది తాతయ్యా. కాబట్టి డిస్నీ వరల్డ్‌లో స్పైడర్‌మాన్ ఉంటాడు. మొదటి రోజే వాణ్ణి కలుస్తా."

ముందు సీట్లో కూర్చున్న నాకు ఏం చెప్పాలో తోచలేదు. వాడు చెప్పిన మొదటి మాట నిజం. రెండోది కాదు.

నేను చేసేది కాంట్రాక్టులు చదివే ఉద్యోగం. కొన్నేళ్ళ క్రితం మా కంపెనీని ఇంకో కంపెనీ కొన్నప్పుడు, పాత కస్టమర్లతో రాసుకున్న ఒప్పందాలన్నీ తిరగేసి, యజమాని మారితే ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అని చూసే పని నాకే పడింది. మూడు నెలలు అదే పని. అప్పటి నుంచి ఏ కంపెనీ ఏ కంపెనీని కొన్నదని విన్నా నా మనసు ఆ పాత కాగితాల వైపే పోతుంది. డిస్నీ, మార్వెల్ సంగతి అలాగే చదివాను. అందులో ఒక కాగితం ఇప్పటికీ నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

లాఫయెట్ దాటాక రోడ్డు నీళ్ళ మీదికి ఎక్కింది. అచఫలాయా చిత్తడి నేల మీద 18 మైళ్ళ వంతెన. రెండు వైపులా నీళ్ళలో నిలబడ్డ చెట్లు, కొమ్మలకు వేలాడే బూడిదరంగు నాచు. నాన్న అద్దం దించి అలా చూస్తూ ఉండిపోయారు. "కొల్లేరు మీద ఇలా వంతెన వేస్తే ఎట్లా ఉంటుందో" అని ఒక్క మాట అన్నారు. ఆ తర్వాత చాలాసేపు కారులో ఎవరం మాట్లాడలేదు.

బేటన్ రూజ్ దగ్గర మిసిసిపీ వచ్చింది. పొడవాటి ఇనప వంతెన, కింద మట్టిరంగు నీళ్ళు, పడవల బారు. వంతెన ఎక్కగానే నేను మావాడితో అన్నాను. "నాన్నా, ఇదిగో ఈ నదిని బాగా చూడు. నీ స్పైడర్‌మాన్ సంగతి ఈ నది దగ్గరే ఉంది."

ఇక చెప్పక తప్పలేదు. 1994లో మార్వెల్ ఇంకా కామిక్ పుస్తకాల కంపెనీయే. ఇప్పుడున్నంత సినిమా వైభవం దానికి లేదు. మూడేళ్ళు తిరక్కుండానే, 1996 చివర్లో, దివాలా పిటిషన్ వేసే స్థితికి వచ్చింది. ఆ 1994లోనే యూనివర్సల్ స్టూడియోస్‌కు అప్పటి యజమాని అయిన ఎంసీఏ అనే సంస్థతో మార్వెల్ ఒక ఒప్పందం రాసుకుంది. మా పాత్రలను మీ పార్కుల్లో వాడుకోండి, మాకు ఏటా ఫీజు కట్టండి, అమ్మిన బొమ్మల్లో మాకు వాటా ఇవ్వండి అని. ఆ కాగితం ప్రకారమే 1999లో ఓర్లాండోలోని యూనివర్సల్ వాళ్ళ ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో మార్వెల్ సూపర్ హీరో ఐలాండ్ అనే విభాగం తెరుచుకుంది. అందులో ఒక షరతు ఉంది. మిసిసిపీ నదికి తూర్పున, యూనివర్సల్ వాడుకుంటున్న పాత్రలను గానీ, ఆ పాత్రల కుటుంబంలో వాళ్ళను గానీ ఇంకే థీమ్ పార్కూ వాడకూడదు. పడమట అయితే వాడుకోవచ్చు. కానీ నదికి ఎటువైపైనా సరే, ఆ రైడ్‌కు మార్వెల్ అనే పేరు పెట్టకూడదు.

2009 ఆగస్టు 31న డిస్నీ మార్వెల్‌ని కొంటున్నామని ప్రకటించింది. సుమారు 400 కోట్ల డాలర్లు, 5000కు పైగా పాత్రలు. ఆ ఏడాది చివరి రోజుకి కొనుగోలు పూర్తయింది. ఇక స్పైడర్‌మాన్, హల్క్ అందరూ డిస్నీ కోటలోకి వచ్చేస్తారని అప్పట్లో ఎంతమంది అనుకున్నారో. కానీ ఓర్లాండో మిసిసిపీకి తూర్పున ఉంది. అక్కడ డిస్నీ వరల్డ్ ఉన్నా, కొన్నది డిస్నీయే అయినా, ఆ పాత కాగితం అలాగే నిలిచింది.

"అంటే డిస్నీ డబ్బులిచ్చి కొనుక్కుంది, కానీ స్పైడర్‌మాన్ పక్క పార్కులో ఉంటాడా?" వాడి గొంతులో ఏడుపు వచ్చేస్తోంది. "ఇది కరెక్ట్ కాదు మమ్మీ."

అప్పుడు నాన్న వెనక సీట్లోంచి మాట్లాడారు. నేను కాంట్రాక్టు భాషలో పావుగంట చెప్పినది ఆయన రెండు నిమిషాల్లో చెప్పేశారు.

"మన తోట సంగతి నీకు తెలుసు కదా బంగారం? మూడేళ్ళ క్రితం నేను ఆ మామిడితోట కొన్నా. కానీ అమ్మినాయన అప్పటికే దాన్ని ఐదు కాపులకు గుత్తకిచ్చేశాడు. తోట నాది. పట్టా నా పేరు మీద ఉంది. కాయ మాత్రం గుత్తదారుది. నేను వెళ్ళి చెట్టు కింద కూర్చోవచ్చు. కాయ కోయకూడదు."

"ఒక్క కాయ కూడానా?"

"యజమాని తినడానికని ఇన్ని బుట్టల చిన్నరసాలు అతనే ఇంటికి పంపిస్తాడు. అది మాట. అతను కూడా చెట్లు పాడు చెయ్యకూడదు. నీళ్ళు పెట్టాలి, మందు కొట్టాలి, దున్నించాలి. అదీ మాటే."

నేను వెనక్కి తిరిగి నాన్న వైపు చూశాను. అచ్చంగా అదే. యూనివర్సల్ ఏటా కట్టే ఫీజు, బొమ్మల అమ్మకాల్లో వాటా ఇప్పుడు డిస్నీ చేతికే వస్తాయి. అవి ఆ బుట్టల చిన్నరసాలు. ఐలాండ్‌ను మంచి స్థితిలో నడుపుతూ ఉండాలన్న షరతు యూనివర్సల్ మీద ఉంది. అది దున్నడం, నీళ్ళు పెట్టడం. ఒక్కటే తేడా. నాన్న గుత్తకు గడువు ఉంది. యూనివర్సల్ గుత్త అయితే వాళ్ళు ఆ ఐలాండ్‌ను షరతుల ప్రకారం నడిపినంత కాలం సాగేదే.

ఆ రాత్రి మొబైల్ ఊళ్ళో ఆగాం. మర్నాడు ఫ్లోరిడాలో పొడవునా పైన్ చెట్లు, వాన, మళ్ళీ పైన్ చెట్లు. సాయంత్రానికి ఓర్లాండో చేరి, హోటల్ గదిలో అన్నం వండుకుని గోంగూర పచ్చడితో తిని పడుకున్నాం.

మొదటి రోజు డిస్నీ వరల్డ్‌లోని ఎప్‌కాట్ పార్కు. అమ్మకు మోకాళ్ళ నొప్పి, అందుకని చక్రాల కుర్చీ అద్దెకు తీసుకున్నాం. సరస్సు చుట్టూ 11 దేశాల పెవిలియన్లు. జపాన్ దగ్గర కొలనులో చేపలు చూస్తూ అమ్మ గంటసేపు కదల్లేదు. నేను, మా ఆయన, మావాడు గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ: కాస్మిక్ రివైండ్ అనే రోలర్ కోస్టర్ లైన్లో నిలబడ్డాం. ఇది 2022 మే నెలలో మొదలైంది. ఇందులోని మార్వెల్ పాత్రలైన స్టార్ లార్డ్, గ్రూట్ బృందం యూనివర్సల్ ఐలాండ్‌లో లేరు, అక్కడున్న వాళ్ళ కుటుంబాల్లోకీ రారు. అందుకే మిసిసిపీకి ఇవతల కూడా డిస్నీ వాళ్ళను తన పార్కులోకి తేగలిగింది. పేరులో మాత్రం మార్వెల్ అన్న మాట కనపడదు. కాగితం తెలిసినవాళ్ళకు ఆ బోర్డు చదువుతుంటేనే అర్థమవుతుంది.

రైలు మొదట వెనక్కి దూసుకుపోయింది. తర్వాత మనం కూర్చున్న బండే పక్కకు తిరిగి, చీకట్లో నక్షత్రాల మధ్య ఎటు చూపించాలో అటే ముఖం తిప్పుతుంది. ఎవరికి ఏ పాట వస్తుందో ఎక్కేదాకా తెలియదు. మావాడు దిగాక వణుకుతూ నవ్వాడు, ఇంకోసారి అన్నాడు. ఐదు నిమిషాల తర్వాత, "బాగుంది మమ్మీ, కానీ స్పైడర్‌మాన్ లేడు" అన్నాడు. అంత పెద్ద పార్కులో, అంత డబ్బు పోసి కట్టిన దాంట్లో, వాడి కళ్ళు లేనివాణ్ణే వెతుకుతున్నాయి. నాకు చాలా జాలేసింది.

రెండో రోజు ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్. లోపలికి వెళ్ళిన కొద్దిసేపటికే ఆకుపచ్చ పట్టాలు తల మీదుగా పోతూ కనపడ్డాయి. హల్క్ కోస్టర్. అది పైకి విసిరినప్పుడల్లా కేకలు. మావాడు పరిగెత్తుకెళ్ళి కొలత కర్ర దగ్గర నిలబడ్డాడు. 54 అంగుళాలు ఉండాలి. వాడు 52. అక్కడ పనిచేస్తున్న అమ్మాయి వాడి ముందు వంగి, చాలా ప్రేమగా "వచ్చే ఏడు రా" అంది. వాడు తల ఊపి తాతయ్య చెయ్యి పట్టుకున్నాడు.

స్పైడర్‌మాన్ రైడ్‌కి 40 అంగుళాలు చాలు. నాన్న కూడా ఎక్కారు. డైలీ బ్యూగిల్ పత్రికాఫీసు గుండా లైను. రిపోర్టర్ల బల్లలు, పాత టైప్‌రైటర్లు, గోడల మీద పేజీలు. కళ్ళద్దాలు పెట్టుకుని బండెక్కాం. విలన్లు స్టాట్యూ ఆఫ్ లిబర్టీని ఎత్తుకుపోయారు. స్పైడర్‌మాన్ మా బండి ముందు భాగం మీద ధబ్బున దూకాడు. బండి నిజంగా కుంగింది! చివర్లో ఆకాశహర్మ్యాల మీది నుంచి కిందికి పడిపోతున్నట్టు ఉంటుంది. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఈ రైడ్ మొదలై పాతికేళ్ళు దాటింది. 2012లో తెర మీది బొమ్మను కొత్తగా తీశారు. అందులో అక్కడక్కడా ఒక పెద్దాయన కనపడతాడు. "స్టాన్ లీ తాతయ్యా! స్పైడర్‌మాన్‌ని సృష్టించిన వాళ్ళలో ఒకరు!" అని మావాడు చీకట్లో అరిచాడు.

బయటికొచ్చాక ఆ వీధిలో చాలాసేపు తిరిగాం. నాకు ఇక్కడ ఒకటి బాగా నచ్చింది. ఈ ఐలాండ్ సినిమా చూసి కట్టింది కాదు. కామిక్ పుస్తకం పేజీలోంచి తీసి నిలబెట్టినట్టు ఉంటుంది. గట్టి రంగులు, గోడల మీద రేకులు కోసినట్టున్న హీరోల బొమ్మలు, దుకాణాల మీద పెద్ద పెద్ద అక్షరాలు. నన్నడిగితే, ఆ గుత్త లేకపోయి ఉంటే ఇది ఈపాటికి ఎప్పుడో కూల్చేసి ఉండేవాళ్ళు. 1999 నాటి ఊహ అలాగే నిలిచిందంటే ఆ కాగితం పుణ్యమేనని నేను గట్టిగా నమ్ముతాను.

స్పైడర్‌మాన్ వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. మావాడు వెళ్ళి మాట రాక నిలబడిపోయాడు. ఆయనే మోకాలి మీద కూర్చుని పేరు అడిగాడు. ఫోటోలో మావాడి నోరు తెరుచుకునే ఉంది. ఆ ఫోటో ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది.

తిరుగు దారిలో మావాడు తాతయ్యకు మిగతా లెక్క చెప్పమని నన్ను అడిగాడు. పడమటి వైపు ఏమున్నాయి అని. కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో ఉన్న డిస్నీ పార్కులో టవర్ ఆఫ్ టెర్రర్ అనే రైడ్‌ను 2017లో గార్డియన్స్ రైడ్‌గా మార్చేశారని, 2021 జూన్‌లో మార్వెల్ హీరోల కోసం అవెంజర్స్ క్యాంపస్ అనే విభాగం తెరిచారని, అక్కడ కప్పుల మీది నుంచి ఒక స్పైడర్‌మాన్ మరబొమ్మ 65 అడుగుల ఎత్తున గాల్లో పల్టీలు కొడుతుందని చెప్పాను. హాంకాంగ్‌లో ఐరన్ మాన్, పారిస్‌లో ఇంకో అవెంజర్స్ క్యాంపస్. "మనం ఉండేది పడమట కదా, మరి మనం తూర్పుకెందుకు వచ్చాం?" అన్నాడు. మా ఆయన స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి నా వైపు చూశారు. వచ్చే వేసవి ఖర్చు అప్పుడే ఖాయమైపోయింది.

బేటన్ రూజ్ వచ్చేసరికి మునిమాపు వేళ. నది మీద ఎర్రటి వెలుగు. వాణ్ణి లేపమని ముందే చెప్పి పడుకున్నాడు, లేపాను. వంతెన మధ్యకు వచ్చేదాకా కిటికీకి ముక్కు ఆనించి చూసి, "ఇప్పుడు దాటాం" అన్నాడు. తర్వాత తాతయ్య వైపు తిరిగాడు.

"తాతయ్యా, మన తోట గుత్త ఇంకా ఎన్నాళ్ళుంది?"

"రెండు కాపులు నాన్నా. ఈ వేసవిది ఒకటి, వచ్చే ఏడుది ఒకటి."

వాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "అప్పటికి నాకు 54 అంగుళాలు వచ్చేస్తాయి. కింది కొమ్మ కాయలు నేనే కోస్తా."

"కోద్దువు గాని" అని నాన్న వాడి తల ఒళ్ళోకి లాక్కున్నారు. అమ్మ డబ్బాలో మిగిలిన రెండు సున్నుండలు తీసి ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది.