సాటియైన సహాయము

పెళ్లి ప్రసంగానికి ఆదికాండము 2:18 (నరుడు ఒంటరిగా ఉండడం మంచిది కాదు, వానికి "సాటియైన సహాయము" చేస్తానని దేవుడు అన్న వచనం) ఎత్తుకోగానే చాలామంది దైవసేవకులు "సాటియైన"ను మింగేసి "సహాయము" దగ్గర ఆగిపోతారు. ఐదు నిమిషాలు తిరిగేసరికి ఆ సహాయం వంటా, బట్టలూ, అత్తగారి మందులూ అయి కూర్చుంటుంది.

హెబ్రీలో అక్కడున్నది "ఏజెర్ కెనెగ్దో". రెండో మాటను విడదీస్తే "కె" అంటే వలె, "నెగెద్" అంటే ఎదుట, "ఓ" అంటే అతని. అతని ఎదుట సరిజోడుగా నిలిచేది అని. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో "తగిన" అనే అర్థమిచ్చే "మీట్"ను జనం "హెల్ప్"కు అతికించి హెల్ప్‌మీట్ అనే కొత్త మాటనే పుట్టించారు. మన బైబిలు "సాటి" అని తేటగా చెప్పింది. వదిలేస్తున్నది మనమే.

ఇక "ఏజెర్", అంటే సహాయమన్న మాట. పేర్లు మినహాయిస్తే పాత నిబంధనలో 21 చోట్ల వస్తుంది. రెండు ఆ మొదటి స్త్రీ గురించి, మూడు యుద్ధంలో ఆదుకునే మనుషుల గురించి, మిగిలిన 16 దేవుని గురించే. 121వ కీర్తనలో కొండలతట్టు కన్నులెత్తి కీర్తనకారుడు అడిగింది ఈ ఏజెర్‌నే. మిస్పాకూ షేనుకూ మధ్య సమూయేలు నిలిపిన రాయి ఎబెనెజరు. ఏబెన్ అంటే రాయి, ఏజెర్ అంటే సహాయం. మన ఊళ్లలో ఎన్ని మందిరాలకు ఆ పేరుంది! బోర్డు మీద దేవుణ్ణి స్తుతించే మాట పెళ్లి పందిట్లో పనిమనిషి మాట ఎలా అయింది తండ్రీ?

అమెరికాలో పెద్ద ప్రొటెస్టెంట్ శాఖ అయిన సదరన్ బాప్టిస్టులు 1998లో తమ విశ్వాస ప్రమాణంలో కుటుంబ అధ్యాయం చేర్చారు. భార్య భర్తతో సమానమంటూనే, ఇల్లు నడపడంలో అతనికి సహాయకురాలిగా ఉండాలన్నారు. 2000లో పాస్టరు పదవి పురుషులకేనన్నారు. 2023లో, స్త్రీని పాస్టరుగా పెట్టుకున్న శాడిల్‌బ్యాక్ సంఘం వెలిని ఖాయం చేశారు. అయితే వాళ్ల వాదనకు అసలు బలం పౌలు లేఖ 1 తిమోతి 2:13, ఆదామును మొదట చేశాడన్న క్రమం. దానికి జవాబు ఏజెర్‌లో దొరకదు, ఆ లేఖలోనే వెతకాలి. ఏజెర్ పట్టుకుని స్త్రీయే పైన అనేవాళ్లదీ తొందరే. ఆ మాట చెప్పేది బలం. హోదా సంగతి "సాటి" ఎప్పుడో తేల్చేసింది.

అయ్యగారూ, ఈసారి పెళ్లిలో వచనం పూర్తిగా చదవండి. వెంటనే 121వ కీర్తన మొదటి రెండు వచనాలు చదివించండి. ఆ తర్వాతే ఆదికాండము 2:24కు రండి, అక్కడ పెళ్లికొడుకు వైపు చూడండి. అప్పగింతల్లో ఏడ్చేది పెళ్లికూతురు. తండ్రినీ తల్లినీ విడుచునని అక్కడ రాసింది మాత్రం పురుషుని గురించి.