పదిహేను పోట్లు, ఒక మచ్చ

మీ ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లుంటే వాళ్ల చేతుల మీద ఒకసారి చూడండి. గుంటపడ్డ గుండ్రటి మచ్చ ఒకటో రెండో కనిపిస్తాయి. అది మశూచి టీకా మచ్చ. ఆ వయసు వాళ్లకు మాస్కోలోనూ న్యూయార్కులోనూ ఢాకాలోనూ అదే మచ్చ ఉంటుంది. దేశాలు ఒకదాని మీద ఒకటి అణుబాంబులు గురిపెట్టుకు కూర్చున్న రోజుల్లో ఈ మచ్చ విషయంలో మాత్రం అందరూ ఒక మాట మీదికొచ్చారు. మంచి ప్రపంచం కోసం మనుషులంతా ఒక్కటవ్వాలి అన్న మాట ఎక్కడ విన్నా నాకు ముందు గుర్తొచ్చేది మశూచి నిర్మూలనే. అది మొదలై ఆగిపోలేదు, చివరిదాకా జరిగింది. అందరూ ఒప్పుకున్నాక ఊళ్లలో ఏ పని, ఏ వరసలో చేశారన్నది తెలిస్తేనే ఆ ఐక్యత ఎలా నిలబడిందో అర్థమవుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువగా ఆ పని గురించే రాస్తున్నాను.

1958లో అమెరికాలోని మినియాపోలిస్‌లో ప్రపంచ ఆరోగ్య సభ, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశం, జరిగింది. సోవియట్ ఉప ఆరోగ్య మంత్రి విక్టర్ జ్దానోవ్ లేచి, మశూచిని భూమి మీదే లేకుండా చేద్దామని ప్రతిపాదించాడు. అమెరికా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు జెఫర్సన్, టీకా కనిపెట్టిన జెన్నర్‌కు 1806లో రాసిన ఉత్తరాన్ని ఆ ప్రసంగంలో ప్రస్తావించాడు. అమెరికా గడ్డ మీద సోవియట్ మనిషి అమెరికా పెద్దాయన మాటే ఎత్తుకోవడం ఎంత ఆలోచించి చేసిన పనో చూడండి. 1959లో సభ ఒప్పుకుంది. కానీ తర్వాత ఏడేళ్లు డబ్బు రాలేదు, మనుషుల్ని పెట్టలేదు. 1966లో ఏడాదికి 24 లక్షల డాలర్ల బడ్జెట్ ఓటుకు వస్తే రెండే రెండు ఓట్ల తేడాతో గట్టెక్కింది. 1967లో అసలు పని మొదలైంది. అప్పటికి 31 దేశాల్లో మశూచి పాతుకుపోయి ఉంది, ఏటా కోటి నుంచి కోటిన్నర మందికి సోకుతోందని అంచనా. కార్యక్రమాన్ని నడిపించింది అమెరికా డాక్టర్ డి.ఎ. హెండర్సన్. టీకా మందులో పెద్ద వాటా సోవియట్ దానం, మొత్తం మీద 140 కోట్ల డోసులకు పైనే. ఖర్చు అంతా కలిపి సుమారు 30 కోట్ల డాలర్లు. అందులో మూడింట రెండు వంతులు జబ్బు ఉన్న దేశాలే పెట్టుకున్నాయి.

మశూచినే ఎందుకు ఎంచుకున్నారు? ఈ వైరస్ మనిషిలో తప్ప ఇంకే జంతువులోనూ బతకదు. సోకినవాడు పైకి కనిపించకుండా తిరగడు, ముఖం నిండా బొబ్బలు వస్తాయి. సోకాక 10 నుంచి 14 రోజులదాకా ఏమీ ఉండదు, ఆ రోజుల్లో వాడి నుంచి ఇంకొకరికి అంటదు. అంటాక మూడు నాలుగు రోజుల్లోపు టీకా వేసినా చాలావరకు కాపాడుతుంది. బతికి బయటపడ్డవాళ్ల ముఖం మీద గుంటలు మిగులుతాయి గనక ఊళ్లో ఎప్పుడు వచ్చి పోయిందో కూడా చెప్పేయవచ్చు. పోలియోను దీంతో పోల్చి చూడండి. సుమారు రెండు వందల మందికి సోకితే ఒక్కరికి కాళ్లో చేతులో చచ్చుబడతాయి, మిగతావాళ్లు తెలియకుండానే వైరస్‌ను మోసుకు తిరుగుతారు. మలేరియాకు దోమ ఉంది. 1955లో మొదలుపెట్టిన ప్రపంచ మలేరియా నిర్మూలనను 1969లో వదిలేయాల్సి వచ్చింది.

ఇక సూది సంగతి. మన దేశంలో ముందు వాడింది తిప్పుడు లాన్సెట్. చిన్న బిళ్లకు ముళ్లుంటాయి. చర్మం మీద మందు చుక్క వేసి దీన్ని ఒత్తి తిప్పేవారు. పుండు పెద్దదయ్యేది, నొప్పి ఎక్కువ, పిల్లల్ని దాచేసేవారు. 1960ల్లో అమెరికా మందుల కంపెనీ వైత్‌లో బెంజమిన్ రూబిన్ కుట్టుమిషన్ సూది కన్ను చివర అరగదీసి రెండు మొనల సూది చేశాడు. కంపెనీ దాని మీద రాయల్టీ తీసుకోలేదు. మొనల సందులో 0.0025 మిల్లీలీటరు మందు, అంటే ఒక్క డోసుకు సరిపడా, దానంతటదే నిలుస్తుంది. పాత పద్ధతిలో ఒకరికి పట్టే మందు ఇప్పుడు నలుగురికి వచ్చింది.

అప్పట్లో వేసే తీరు ఇది. ఎండబెట్టిన పొడి మందు సీసాలో ద్రవం కలిపి, సూదిని ముంచి తీయాలి. చెయ్యి పైభాగంలో సూదిని నిట్టనిలువుగా పట్టి, అరసెంటీమీటరు వెడల్పు చోటులో గబగబా 15 పోట్లు పొడవాలి. మణికట్టు ఆ మనిషి చేతికే ఆనించుకుంటే పోటు లోతు అదుపులో ఉంటుంది. పదిహేను ఇరవై సెకన్లకు నెత్తురు సన్నగా చెమర్చాలి. అసలు చెమర్చకపోతే మందు లోపలికి పోలేదు. ధారగా కారితే లోతుగా దిగింది, మందు కొట్టుకుపోతుంది. స్పిరిటుతో తుడవకూడదు, ఎందుకంటే టీకాలో ఉన్నది బతికున్న వైరస్, స్పిరిటు తగిలితే చస్తుంది. మట్టి ఉంటే నీళ్లతో కడిగి ఆరనిస్తే చాలు. వారం తర్వాత వచ్చి బొబ్బ లేచిందో లేదో చూడాలి, లేవకపోతే మళ్లీ వేయాలి. సూదులను ఉడకబెట్టి మళ్లీ మళ్లీ వాడేవారు. చదువు రాని మనిషికి కూడా ఇదంతా పావుగంటలో నేర్పేయవచ్చు.

పొడి మందు లేకపోతే ఈ సూదీ పనికొచ్చేది కాదు. ద్రవ టీకా మన ఎండలకు రోజుల్లోనే చచ్చుబడేది. లండన్ లిస్టర్ సంస్థలో లెస్లీ కోలియర్ 1950ల్లో పెప్టోన్ అనే మాంసకృత్తుల పదార్థం కలిపి, గడ్డకట్టించి ఎండబెట్టే పద్ధతిని కుదురు చేశాడు. ఆ పొడి 37 డిగ్రీల వేడిలో కూడా నెల రోజులు నిలుస్తుంది. ద్రవం కలిపాక మాత్రం ఆ పూటే వాడేయాలి, సాయంత్రం మిగిలింది పారబోయాలి. చాలామంది పారబోయడానికి మనసొప్పక మర్నాడూ వాడేవారు. బొబ్బ లేవని కేసులు గుంపుగా వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. మన దేశంలో ఈ పొడి మందు చేసిన నాలుగు చోట్లలో హైదరాబాద్ ఒకటి. మిగతావి పట్వాదంగర్, గిండీ, బెల్గాం.

అన్నీ ఉన్నా భారతదేశం పదేళ్లు అదే చోట తిరిగింది. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైనప్పుడు పెట్టుకున్న గురి, మూడేళ్లలో నూటికి ఎనభై మందికి టీకా. లెక్కల్లో కోట్లు కనబడ్డాయి, జబ్బు తగ్గలేదు. టీకాలేసే ఉద్యోగికి రోజుకు ఇన్ని అని కోటా పెడితే అతను బడికి వెళ్తాడు. పిల్లలు వరసలో నిలబడతారు, వాళ్లకే ఏటేటా మళ్లీ మళ్లీ పొడుస్తాడు. చంటిబిడ్డలు, కూలికి పోయిన ఆడవాళ్లు, దేశదిమ్మరులు, ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు మిగిలిపోతారు. జబ్బు తిరిగేది వాళ్లలోనే. పైగా కేసు రాసిన అధికారికి చీవాట్లు పడేవి, అందుకని కేసులు రాసేవారు కాదు. నా లెక్కలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు ఇక్కడుంది. పై నుంచి అడిగే ప్రశ్న మారింది. "ఎందరికి టీకా వేశారు?" అని అడగడం తగ్గించి "జబ్బు ఎక్కడుంది, ఎన్ని రోజుల్లో కనిపెట్టారు, ఆ ఇల్లు దాటి పోయిందా?" అని అడగడం మొదలుపెట్టారు. కేసు దొరికితే మెచ్చుకోలు, దాచితే మందలింపు.

ఈ దారి 1966 చివర్లో తూర్పు నైజీరియాలో అమెరికా డాక్టర్ విలియం ఫేగీ చూపించాడు. ఊళ్లందరికీ సరిపడా మందు లేక, జబ్బున్న ఊళ్లను రేడియోలో కనుక్కుని వాటి చుట్టూ మాత్రమే వేశాడు. సగం మందికి కూడా వేయకముందే జబ్బు ఆగిపోయింది. మద్రాసులో డాక్టర్ ఎ. రామచంద్రరావు ఏళ్ల తరబడి రోగుల్ని చూసి తేల్చిందీ దీనికి దగ్గరే. మశూచి గాలివానలా రాదు, ఒకే ఇంట్లో, ఒకే మంచం చుట్టూ, దగ్గరగా మసలినవాళ్ల మధ్య నెమ్మదిగా పాకుతుంది.

1973 నాటికి దక్షిణాది రాష్ట్రాలు బయటపడ్డాయి. ఉత్తరప్రదేశ్, బిహార్, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్‌లలో ఆ ఏడాది శరత్కాలం నుంచి ఇల్లిల్లూ వెతకడం మొదలుపెట్టారు. లక్షమందికి పైగా సిబ్బంది, పది కోట్లకు పైగా ఇళ్లు. ఒక్కొక్కరి చేతిలో మశూచి సోకిన బిడ్డ ఫోటో ఉన్న కార్డు. "మశూచి ఉందా?" అని అడిగితే జవాబు రాదు. "ఇలాంటి బిడ్డ ఈ చుట్టుపక్కల ఉందా?" అని ఫోటో చూపించి అడగాలి. అమ్మవారు పోసిన ఇంటి గురించి నోరు జారకూడదని జనం నమ్మకం. మన ఊళ్లలో అయితే ఆటలమ్మ వేరు, తట్టు వేరు, పెద్దమ్మవారు వేరు అని ముసలమ్మలకు తెలుసు. మశూచి బొబ్బలు ముఖం, చేతులు, అరికాళ్ల మీద ఎక్కువ, ఒకచోటివి అన్నీ ఒకే దశలో ఉంటాయి. ఆటలమ్మ ఒంటి నడిమి భాగాన ఎక్కువ, పచ్చివీ మాడినవీ కలిసే ఉంటాయి. అరచెయ్యి తెరిచి చూస్తే సగం సందేహం అక్కడే తీరుతుంది. పెద్దవాళ్లు దాచినా బడిపిల్లలు దాచరు, అందుకే బడిలో, సంతలో అడగమని చెప్పేవారు. కబురు తెచ్చినవాళ్లకు బహుమతి పదుల రూపాయలతో మొదలై, కేసులు అరుదయ్యేకొద్దీ పెరిగి, చివరికి 1,000 రూపాయలకు చేరింది.

కేసు దొరికాక అసలు కష్టం. రోగిని ఇంట్లోనే ఉంచి గుమ్మం దగ్గర రేయింబవళ్లు కాపలా. కాపలావాళ్లు పక్క ఇళ్లవాళ్లే. ఆ ఇంటికి తిండి బయటినుంచి అందించాలి. లేకపోతే ఆకలికి కూలికి పోక తప్పదు, జబ్బు కూడా వాళ్ల వెంటే పోతుంది. గత కొన్ని వారాల్లో ఎవరొచ్చారు, ఎవరు వెళ్లారు, పేరు పేరునా రాయాలి. ఊరంతటికీ టీకా వేయాలి. పగటిపూట వెళ్తే పొలం పోయినవాళ్లు తప్పిపోతారు గనక రాత్రీ వెళ్లాలి. తర్వాత చుట్టూ ఊళ్లలో వెతకాలి. చివరి రోగికి మొదలైన ఆరు వారాలదాకా ఆ ఊరు పేరు జాబితాలోంచి తీయకూడదు. మొదట్లో నాలుగు వారాలకే కొట్టేసేవారు, కొన్నిచోట్ల మళ్లీ తలెత్తాక గడువు పెంచారు.

1974 వేసవి బిహార్‌లో భయంకరంగా గడిచింది. జంషెడ్‌పూర్‌లో జబ్బుపడ్డ కూలీలు రైలెక్కి సొంత ఊళ్లకు పోయి, అక్కడివాళ్లకు అంటించారు. ఆ ఏడాది దేశంలో 1,88,000 మందికి సోకి 31,000 మందికి పైగా చనిపోయారు. బాగా వెతికితే కేసులు పెరిగినట్టే కనిపిస్తాయి కదా, భయపడ్డ రాష్ట్ర ఆరోగ్య మంత్రి పాత పద్ధతికి, అంటే ఊరూరా అందరికీ టీకాలకు, మళ్లిపోదామన్నాడు. ఒక సమావేశంలో ఒక కుర్ర డాక్టర్ లేచి, ఇల్లు తగలబడుతుంటే నీళ్లు ఆ ఇంటి మీదే పోస్తాం గాని మిగతా ఇళ్ల మీద పోయం కదా అన్నాడు. ఇంకో నెల గడువు దొరికింది. ఆ నెలలో కేసులు తగ్గుముఖం పట్టాయి. మరుసటి ఏడాది, 1975 మే 24న, మన దేశంలో చివరి కేసు అస్సాంలోని కరీంగంజ్‌లో కనిపించింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. చివరి నెలల్లో కొన్నిచోట్ల తలుపులు విరిచి, ఒప్పుకోని ఆడవాళ్లను పట్టుకుని టీకాలు వేశారు. ఫలితం గొప్పది కాబట్టి అది మంచి పనైపోదు. అదే రోజుల్లో ఊరి పెద్దను, పూజారిని ముందు కూర్చోబెట్టుకుని మాట్లాడిన బృందాలూ ఉన్నాయి. వాళ్లకు మళ్లీ వెళ్లినప్పుడు తలుపులు తెరిచారు. బలవంతపెట్టిన ఇంటికి రెండోసారి వెళ్లి బొబ్బ లేచిందో లేదో చూడటం కష్టమైపోయింది, అక్కడ పనీ అధ్వాన్నంగానే నడిచింది.

కేసులు లేవని తేల్చడానికి చివరి కేసు తర్వాత రెండేళ్లు వెతుకుతూనే ఉండాలని నియమం. మన దేశానికి ఆ ముద్ర 1977 ఏప్రిల్‌లో పడింది. అదే ఏడాది అక్టోబరులో సోమాలియాలోని మెర్కా పట్టణంలో అలీ మావో మాలిన్ అనే ఆసుపత్రి వంటవాడికి సోకింది. ఇద్దరు రోగులను తీసుకెళ్తున్న బండికి దారి చూపించడానికి కొద్ది నిమిషాలు ఎక్కాడు, అంతే. నొప్పెడుతుందని టీకా వేయించుకోలేదు. ముందు మలేరియా అన్నారు, తర్వాత ఆటలమ్మ అన్నారు, ఈలోగా అతన్ని చూడటానికి బంధుమిత్రులు వచ్చిపోయారు. ఆసుపత్రి సిబ్బందిలో ఎవరికి టీకా పడింది, ఎవరికి పడలేదు అన్నది ఎవరూ సరిచూడకపోవడం వల్ల జరిగిన పొరపాటిది. తర్వాత 160 మందికి పైగా దగ్గరి మనుషులను వెతికి పట్టుకుని, జబ్బు వస్తుందేమోనని కనిపెట్టుకుని ఉన్నారు, రెండు వారాల్లో 50 వేల మందికి పైగా టీకాలు వేశారు. ఒక్కరికీ అంటలేదు. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ మశూచి పోయిందని ప్రకటించింది. మాలిన్ చాలా ఏళ్ల తర్వాత సోమాలియాలో పోలియో టీకాల పనిలో చేరాడు. ఒప్పుకోని తల్లిదండ్రుల దగ్గర కూర్చుని, ఆ రోజు తను ఎందుకు వేయించుకోలేదో చెప్పేవాడు. 2013లో, ఆ పనిలో ఉండగానే, మలేరియాతో పోయాడు.